కృష్ణవేణి ఆంటీ, పొడుగోడు, పెద్దాయన

మా స్కూల్ వెనక మైదానంలో ఏప్రిల్ సాయంత్రాలు బేస్‌బాల్ ప్రాక్టీస్ జరుగుతుంది. నా క్లాస్‌రూమ్ కిటికీ తెరిస్తే ముందు పైన్ చెట్ల పుప్పొడి ఘాటు లోపలికొచ్చి గొంతులో గరగరలాడుతుంది. ఆ వెనకే తోలు గ్లవ్‌లో బంతి వచ్చి పడే చప్పుడు వినిపిస్తుంది. మేముండే ఊరు ఈ క్యారీలో వసంతం అంటే ఈ రెండే. కార్ల మీద పసుపు పొర, గాలిలో ఆ చప్పుడు. పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నదాన్ని, చప్పుడు మామూలుకన్నా నిండుగా, బరువుగా వినిపించిందంటే పెన్ను ఆపేస్తాను. ఎవరో గట్టివాడే విసురుతున్నాడు అనుకుంటాను. నేను పుట్టి పెరిగింది హనుమకొండలో. మా ఇంట్లో ఆటంటే క్రికెట్ ఒక్కటే, అదీ మా అన్న సొత్తు. నా చెవికి ఈ తేడా పట్టుబడిందంటే దానికి ఒక మనిషి కారణం. ఆవిడ పేరు కృష్ణవేణి. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి, ఈ ఊళ్ళో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడను ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పెళ్ళయి క్యారీ వచ్చిన కొత్తలో నాకు ఇక్కడ పనిచేయడానికి పర్మిట్ లేదు. మా ఆయన శ్రీధర్ సాఫ్ట్‌వేర్ ఆఫీస్‌కి పొద్దున్నే ఉన్న ఒక్క కారూ తీసుకుని వెళ్ళిపోయేవాడు. అంతకుముందు నేను జూనియర్ కాలేజీలో మాథ్స్ చెప్పేదాన్ని. నోట్లో సుద్దపొడి రుచి ఆడుతుండేది. ఇక్కడికొచ్చాక రోజంతా మాట్లాడేందుకు మనిషి ఉండేవాడు కాదు. సాయంత్రం శ్రీధర్ వచ్చి, ఏం వండుకుందాం అంటే నీ ఇష్టం అనేదాన్ని. వీకెండ్ ఎక్కడికి వెళ్దాం అంటే నీ ఇష్టం అనేదాన్ని. అతను మంచివాడే, నిజంగానే నా ఇష్టం అడుగుతున్నాడు. చెప్పడానికి నా దగ్గరే ఏమీ ఉండేది కాదు. దేని మీదనైనా నాకంటూ ఒక అభిప్రాయం ఉండేదన్న సంగతి మెల్లగా మరిచిపోతున్నాను.

మా ఇంటికి ఎదురుగా ఒక ఇల్లు ఉండేది. శనివారం మధ్యాహ్నాలు ఆ ఇంటి గరాజ్ తలుపు పైకెత్తి ఉండేది. లోపల కారుండాల్సిన చోట రెండు మడత కుర్చీలు, పనిముట్ల బల్ల మీద ఒక చిన్న టీవీ. ఒకరోజు మెయిల్‌బాక్స్ దగ్గరకు వెళ్ళి ఉత్తరాలు తీసుకుంటుంటే ఆ గరాజ్‌లోంచి తెలుగులో కేక వినిపించింది.

"ఏమ్మాయ్, తెలుగమ్మాయివేనా?"

ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, నుదుటిన కుంకుమ బొట్టు, కాళ్ళకు తెల్లటి బూట్లు. డెబ్భై దాటిన మనిషి. అవునండీ అన్నాను.

"అయితే ఇట్రా. ఇక్కడొక తగాదా తేలట్లేదు. తీర్పు చెప్పిపో."

ఆవిడ పక్క కుర్చీలో భారీగా ఉన్న ఒక నల్లజాతి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, టోపీ తీసి పలకరించాడు. ఆయన లియాన్. ఆవిడ పక్కింటివాడు. ఆవిడ లెక్కలు చెప్పిన స్కూల్లోనే చరిత్ర చెప్పి, అక్కడి బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉండి రిటైరయ్యాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

తగాదా ఏమిటంటే, ఇప్పుడు ఈ దేశంలో ఆడుతున్న పిచర్లలో అందరికన్నా మేటి ఎవరు? పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. కాకపోతే పరుగెత్తుకుంటూ రాడు, బంతిని నేలకు కొట్టడు. మైదానం మధ్యలో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, గుండ్రటి బ్యాటు పట్టుకున్నవాడికి అందకుండా బంతిని నేరుగా విసురుతాడు. ఇద్దరూ కలిసి టీవీలో నాకు ఇద్దరు పిచర్లను చూపించారు. ఒకడు తాటిచెట్టులా పొడుగ్గా ఉన్న కుర్రవాడు. ఇంకొకాయన గడ్డం నెరిసిన మనిషి. చూశాను. మర్యాదగా ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగాను.

"ఇద్దరూ మంచిగనే వేస్తున్నరు కదా ఆంటీ," అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "అది తీర్పు కాదమ్మా. పెళ్ళిలో భోజనాలెలా ఉన్నాయంటే చెప్పే మాట. మళ్ళీ శనివారం రా. ఈలోగా ఒక్క ఆటన్నా చూసిరా."

నేను వెళ్ళాను. ఆట మీద ప్రేమతో వెళ్ళానంటే అబద్ధమవుతుంది. వారం మొత్తం మీద శ్రీధర్ కాకుండా నన్ను రమ్మన్న మనిషి ఆవిడ ఒక్కతే. రెండు కుర్చీల పక్కన మూడో కుర్చీ అప్పటికే వేసి ఉంది.

ఆ గరాజ్‌లో ఆటగాళ్ళ అసలు పేర్లు వినపడేవి కావు. ఆంటీ వాళ్ళకు తెలుగు పేర్లు పెట్టేసింది. ఆ కుర్రవాడు పొడుగోడు. నెరిసిన గడ్డం మనిషి పెద్దాయన. ఇంకొకడు ఉత్తి ఎడమచెయ్యి. విచిత్రమేమిటంటే లియాన్ కూడా ఆ పేర్లే వాడేవాడు. "పె-డా-యా-నా" అని ఆయన సాగదీసి పలుకుతుంటే మొదటిసారి నాకు నవ్వాగలేదు. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, సరిగ్గా ఎలా పలకాలో చెప్పమని నన్నే అడిగాడు. రెండు వారాలు సాధన చేసి ‘ద్ద’ పట్టుకున్నాడు.

ఆవిడకు ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ఒకసారి అడిగాను. టీచర్‌గా చేరిన మొదటి ఏడాది వెనక బెంచీల పిల్లలు ఆవిడ యాసను వెక్కిరించేవారట. పాఠం మధ్యలో బేస్‌బాల్ కబుర్లు చెప్పుకునేవారట. కోప్పడితే లాభం లేదని తెలిసి, సాయంత్రం మైదానానికి వెళ్ళి కోచ్‌ని అడిగింది, ఈ ఆటేమిటో నాకు చెప్పండి అని. ఆ కోచ్ లియాన్. బెంచీ మీద చోటిచ్చి కూర్చోబెట్టాడు. "ఆ ఏడాదంతా అక్కడే కూచున్నానమ్మా. పరీక్షలొచ్చే టైముకి వెనక బెంచీ పిల్లలు నన్నే అడగడం మొదలెట్టారు, మిస్ వేణీ, నిన్న ఆ బంతి స్ట్రైకేనా, అంటే బ్యాటర్‌కి అందే మేరలోంచే వచ్చిందా అని. స్ట్రైకో కాదో చెప్పి, దాని కోణం లెక్కగట్టమనేదాన్ని." ఆవిడ భర్త ఒక మందుల కంపెనీలో కెమిస్టు. ఆయనకు ఆటలంటే తలనొప్పి. ఆయన నేను రాకముందే పోయారు. ఒక్క కూతురు ఈ దేశానికి ఆ చివరనున్న ఫ్రీమాంట్‌లో స్థిరపడింది. లియాన్ భార్య కూడా అప్పటికి కొన్నాళ్ళ కిందటే పోయింది.

చరిత్ర చెప్పినాయన అంకెలు వల్లిస్తే, లెక్కలు చెప్పినావిడ కళ్ళను నమ్మమనేది. వాళ్ళ వాదనలో నాకు ముందుగా అర్థమైంది ఈ తిరకాసే. లియాన్ పెద్దాయన పక్షం. ఆయన ఇన్నేళ్ళ సగటులు, గెలిపించిన పెద్ద ఆటలు వరసగా చెప్పుకొచ్చేవాడు. ఆంటీ చేతులు కట్టుకుని అంతా వినేది.

"లియాన్, నేనడిగింది ఎవరు గొప్పవాడని కాదు, ఇప్పుడు ఎవరు గొప్పవాడని. ఆ ‘ఇప్పుడు’ అన్న మాటని నువ్వు ప్రతివారం మింగేస్తున్నావ్."

"ఇప్పుడంటే ఎంత పొడవు, వేణీ? నిన్న ఇప్పుడేనా? పోయిన నెల ఇప్పుడు కిందికి రాదా? నేను బతుకంతా చెప్పిన సబ్జెక్టే అది."

"రేపు ఒక్క ఆట ఉంది. గెలిస్తే ఉంటావ్, ఓడితే ఇంటికే. బంతి ఎవరి చేతికిస్తావ్? అదీ ఇప్పుడంటే."

లియాన్ కాసేపు టీవీ వైపు చూసేవాడు. తరవాత, "పెద్దాయనకే ఇస్తాను," అనేవాడు మొండిగా. ఇద్దరూ నా వైపు తిరిగేవారు. ఆ గరాజ్‌లో ఒక నియమం ఉండేది. కారణం చెప్పని తీర్పు చెల్లదు. వాడంటే నాకిష్టం అన్నది కారణాల్లోకి రాదు.

ఒక ఆదివారం ఆంటీ నన్ను కార్‌లో ఎక్కించుకుని పక్క ఊళ్ళో ఉన్న చిన్న స్టేడియానికి తీసుకెళ్ళింది. ఆడుతున్నది పెద్ద జట్లు కాదు, పైకి రావాలని చూస్తున్న కుర్రాళ్ళ జట్లు. ఎండలో చెక్క బెంచీల మీద వేయించిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. నేను కళ్ళు చికిలించి బంతినే వెతుక్కుంటున్నాను. విసిరినవాడి చేతిలో కనిపించి, మళ్ళీ గ్లవ్‌లో కనిపిస్తోంది. మధ్యలో ఏమైందో తెలియడం లేదు.

"బంతిని చూడకు," అంది ఆంటీ. "అది నీకూ కనపడదు, నాకూ కనపడదు. బ్యాటర్ మోకాళ్ళు చూడు. బంతి ఎటొస్తుందో వాడికి అర్థమైతే మోకాళ్ళు ధైర్యంగా ముందుకు పడతాయి. అనుమానమొచ్చిందనుకో, అక్కడే వణికి ఆగిపోతాయ్. పిచర్ ఎంతటివాడో వాడి చేతిలో కాదు, అవతలివాడి మోకాళ్ళలో కనపడుద్ది."

చూస్తూ చూస్తూ ఉంటే, తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆ ఆటలో మూడోదాంట్లో కనిపించింది. నెమ్మదిగా వంపు తిరుగుతూ వచ్చిన బంతికి ఆరడుగుల బ్యాటర్ మోకాళ్ళు ఒక్కసారి సడలిపోయాయి. నేను బెంచీ మీంచి లేచి "ఆంటీ, వాని కాళ్ళు!" అని అరిచాను. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆంటీ వేరుశెనగ పొట్టు దులుపుకుంటూ, "కూచో కూచో, ఇంకా ఉంది," అంది. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది.

నేను మొదటి తీర్పు చెప్పింది ఆ వేసవిలోనే. ఇద్దరి ఊహకూ అందని తీర్పు. పొడుగోడూ కాదు, పెద్దాయనా కాదు, ఎడమచెయ్యి అన్నాను.

"కారణం?" అన్నారు ఇద్దరూ ఒకేసారి, రెండు భాషల్లో.

ఇంగ్లీషులో మొదలుపెట్టాను, తడబడ్డాను, మళ్ళీ మొదలుపెట్టాను. పొడుగోడు వేగంతో గెలుస్తాడు, ఆ వేగం రాని రోజున దెబ్బతింటాడు. పెద్దాయన ఆట సగం దాటితే అలసిపోతున్నాడు. మొన్న ఎడమచెయ్యి ఆట మొదలైన వెంటనే దెబ్బలు తిన్నాడు. ఆ రోజు అతని చేతిలో వేగం లేదు. అది తెలుసుకుని వేగాన్ని వదిలేసి, నెమ్మది బంతులతోనే చివరిదాకా నెట్టుకొచ్చి గెలిపించాడు. "రేపు ఒక్కటే ఆట అన్నరు కదా ఆంటీ. ఆ రేపు మనకు మంచిగలేని రోజు అయితే? మంచిగలేని రోజు కూడా గెలిచేటోని చేతికే బంతి ఇయ్యాలె కదా?"

ఆ మాట అన్నానో లేదో ఇద్దరూ నా మీద పడ్డారు. లియాన్ అంకెలతో, ఆంటీ కళ్ళతో. ఎడమచెయ్యి ఎదుర్కొన్న జట్లు బలహీనమైనవని ఒకరు, ఆ రోజు అంపైర్ అతనివైపున్నాడని ఒకరు. నేను ఒప్పుకోలేదు. ఒకటి రెండు చోట్ల వాళ్ళే నెగ్గారు, అక్కడ సరే అన్నాను. మిగతా చోట్ల నిలబడ్డాను. ఎండ వాలి గరాజ్ లోపలిదాకా వచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయింది. శ్రీధర్ కంగారుగా, "ఏమైంది? ఎవరితోనన్నా గొడవపడ్డవా?" అన్నాడు. "లేదు, వాదించిన," అన్నాను. ఆ రాత్రి భోజనానికి ఏం చేద్దాం అని అడిగాడు. చింతకాయ పచ్చడి, పప్పు నేను చేస్తా, అన్నం నువ్వు పెట్టు అని చెప్పాను. అతను ఒక క్షణం నన్నే చూసి, నవ్వుతూ బియ్యం కడగడానికి వెళ్ళాడు.

ఆదివారాలు పొద్దున ఆంటీ మా ఊరి లైబ్రరీ గదిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. లెక్కల పోటీలకు వెళ్ళే పిల్లలు, లెక్కలంటే భయపడే పిల్లలు కలిసే కూర్చునేవారు. ఎక్కువమంది తెలుగు పిల్లలే, వాళ్ళ వెంట వచ్చిన మిగతా పిల్లలూ ఉండేవారు. ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ఊళ్ళో సగం కుటుంబాలకు ఆవిడ ఆ క్లాసు ద్వారానే తెలుసు. కొన్నాళ్ళకు నన్ను తోడు రమ్మంది. వెనక వరసలో తిరుగుతూ, ఆగిపోయిన పిల్లల పక్కన కూర్చునేదాన్ని. అలా ఒకటిన్నర ఏడాది గడిచింది.

తరవాత ఒక శీతాకాలంలో తేడా కనిపించింది. ఆవిడ బోర్డు మీద ఒక లెక్క సగం చేసి, మిగతా సగం ఇంకో లెక్కదిగా రాసేసింది. నేను మెల్లగా వెళ్ళి సరిచేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాతి వారం పోయిన వారం లెక్కనే మళ్ళీ మొదటినుంచి, అంతే ఉత్సాహంగా చెప్పింది. ఏడో తరగతి చదివే మేఘన అనే పిల్ల నా దగ్గరకు వంగి, "సునీత ఆంటీ, ఇది లాస్ట్ వీక్ చేశాం కదా. చెప్పాలా వద్దా? షీ విల్ ఫీల్ బ్యాడ్," అంది. క్లాసంతా ఆ ప్రశ్నతోనే బిగుసుకుని ఉందని అప్పుడు గమనించాను. పిల్లలు తలలు వంచుకుని, తెలిసిన లెక్కనే కొత్తగా చేస్తున్నట్టు రాస్తున్నారు.

వసంతం వచ్చి, ఆటలు మళ్ళీ మొదలయ్యాయి. మొదటి శనివారం నేను గరాజ్‌కి వెళ్ళేసరికి టీవీ కట్టేసి ఉంది.

"ఇవాళ వాదన వేరే," అంది ఆంటీ. "ఆదివారం క్లాసుకి ఇప్పుడు బెస్ట్ టీచర్ ఎవరు? ఒకవైపు నేను, ఒకవైపు సునీత. లియాన్, నువ్వు నా పక్షం. నేను సునీత పక్షం. తీర్పు సునీత చెప్తుంది."

"ఇదెట్ల ఆంటీ? నేనే ఒక పక్షమైతే తీర్పు నేనెట్ల చెప్త?"

"నీకన్నా దగ్గర్నించి చూసినవాళ్ళు ఎవరున్నారు? కూచో."

లియాన్ ఈ ఆట నాకు నచ్చలేదన్నాడు. ఆంటీ వినలేదు. సరే అని ఆయన మొదలుపెట్టాడు. క్లాసులో కూర్చుని పాఠం చెప్పినంత శ్రద్ధగా వాదించాడు. "పిల్లలు అక్కడికి లెక్కల కోసమే రారు. ఏ పిల్ల భిన్నాలంటే ఎందుకు భయపడుతుందో ఈమెకు తెలుసు. వాళ్ళ అన్నలకు, అక్కలకు చెప్పింది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో మొహం చూసి కనిపెడుతుంది. అప్పుడప్పుడు తప్పు రాస్తుంది, నిజమే. పక్కన సునీత ఉంది, దిద్దుతుంది. అలాంటప్పుడు ఈమెను దింపాల్సిన అవసరం ఏముంది?"

మంచి వాదన. నాకు దానికి జవాబు చెప్పాలనిపించలేదు. దాని వెనక దాక్కోవాలనిపించింది.

ఆంటీ ఎక్కువ మాట్లాడలేదు. "ఈ అమ్మాయి చెప్పేటప్పుడు పిల్లలు ప్రశ్నలడుగుతున్నారు. నేను చెప్పేటప్పుడు మానేశారు. అంతే నా వాదన," అంది. తరవాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

వీధి చివరింట్లో ఎవరో పైపుతో కారు మీద పుప్పొడి కడుగుతున్నారు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇద్దరూ బాగానే చెబుతారు అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు నా మొహం మీంచి కదలలేదు.

"ఇప్పుడైతే... నేను," అన్నాను.

"కారణం చెప్పు."

"ఆంటీ, వద్దు."

"కారణం లేకుండా నన్ను దింపేస్తావా?"

ఏడుపు వస్తున్నా చెప్పాను. "పోయిన నెల ఒక్క లెక్కనే రెండు వారాలు చెప్పిన్రు. పిల్లలు మీతోటి చెప్పనీకి భయపడుతున్నరు, మీరు బాధపడ్తరని. నేను దిద్దుత కదా అని లియాన్ అన్నరు. నేను దిద్దుతుంటే వాళ్ళు బోర్డు చూసుడు బంద్ చేసి నా మొహం చూస్తున్నరు, ఇది రైటా కాదా అని. అట్ల ఎవరికీ లెక్కలు రావు ఆంటీ."

ఆవిడ తల ఊపింది. తరవాత చెప్పింది, డాక్టర్ దగ్గరికి వెళ్ళి చూపించుకుని వచ్చానని, జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బేనని తేల్చారని, ఇంకా తగ్గుతుందని. "ముందే చెప్తే జాలిపడి తీర్పిచ్చేదానివి. జాలి పనికిరాదు. పిల్లలది కదా క్లాసు," అంది. మామూలుగానే లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. లియాన్ తన కుర్చీ మడిచి, గోడకు ఆనించి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వాళ్ళింటికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత కొన్ని శనివారాలు ఆయన రాలేదు. గరాజ్‌లో నేనూ ఆంటీ టీవీ చూసేవాళ్ళం. వాదించడానికి ఎవరూ లేక ఆట చప్పగా ఉండేది. చివరికి ఒకరోజు నేనే ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో చీపురుతో పుప్పొడి ఊడుస్తున్నాడు.

"నా మీద కోపంగా ఉన్నారు," అన్నాను.

"ఉన్నాను," అన్నాడు. ఇంకాసేపు ఊడ్చి ఆగాడు. "నీ తీర్పు తప్పని కాదు. సరైనది కనుకే కోపం. మా ఆవిడ చనిపోయిన ఏడాది వేణి ప్రతి సాయంత్రం ఆ గరాజ్ తలుపు ఎత్తి ఉంచేది. ఆట ఉన్నా లేకపోయినా. నన్ను పిలిచేది కాదు. నేను ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోకుండా ఉండాలని తలుపు మాత్రం ఎత్తి ఉంచేది. ఆ మనిషి తగ్గిపోతోందని నువ్వు గట్టిగా చెప్పావు. నేను ఏడాదిగా చూస్తూ చెప్పలేకపోయాను."

నేను ఆయన చేతిలో చీపురు తీసుకుని మిగతా వరండా ఊడ్చాను. ఆ శనివారం ఆయన వచ్చాడు. పొడుగోడి గురించి ఏదో పుల్లవిరుపు మాట అన్నాడు. ఆంటీ అందుకుంది.

క్లాసు నా చేతికి వచ్చింది. మొదటి రోజు ఆంటీ కూడా వచ్చింది. వెనక కూర్చుంటానంటే, మధ్యలో లేచి నన్ను దిద్దుతుందేమో అని భయపడ్డాను. ఆవిడ అలా చేయలేదు. భిన్నాలంటే ఏడ్చే ఒక చిన్న పిల్ల పక్కన కూర్చుని, ఒకే ఒక్క లెక్క మీద గంటసేపు గడిపింది. చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఆ పిల్లకు సరిగ్గా అదే కావాలి. మరుసటి ఏడాది నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. టీచర్ లైసెన్స్ కోసం చదవడం మొదలుపెట్టాను. స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఆంటీ నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. అడిగిన ప్రశ్నే నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి చెప్పిన జవాబు మొదటిదానికన్నా నిజంగానే మెరుగ్గా వచ్చింది. ఆ మాట చెబితే ఇద్దరం పడీపడీ నవ్వాం.

కూతురు వచ్చి ఆవిడను ఫ్రీమాంట్ తీసుకెళ్ళే వారం, చివరిసారిగా గరాజ్‌లో కూర్చున్నాం. లోపలంతా అట్టపెట్టెలు. మా మూడు కుర్చీలకు మాత్రం చోటు మిగిలింది. ఆంటీ ఆ రోజు తెలివిగానే ఉంది. లియాన్ వైపు తిరిగి, "ఒప్పుకో ఇప్పటికైనా. పొడుగోడే," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. పొడుగోడికి మోచేతికి ఆపరేషన్ అయి, ఆ ఏడాది అసలు ఆడడం లేదు. ఆ సంగతి మేం ముగ్గురం ఆ కుర్చీల్లోనే కూర్చుని మాట్లాడుకున్నాం. లియాన్ అవునని ఊరుకుంటాడనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకుని, ఆవిడ చేయి పట్టుకున్నాడు.

"వేణీ, పొడుగోడి మోచేయి దెబ్బతింది. ఆపరేషన్ చేశారు. ఈ ఏడాది ఆడటం లేదు."

ఆవిడ మొహంలో ఏదో వెతుక్కుంటున్న కలవరం కనిపించింది. ఆ కలవరం కాసేపటికి తగ్గింది. తరవాత ఆవిడ నిటారుగా కూర్చుంది.

"అయితే ఇప్పుడెవరు?"

"ఒక కొత్త కుర్రవాడొచ్చాడు. ఇవాళ ఆడుతున్నాడు."

"చూపించు."

లియాన్ పెట్టెల మధ్య నుంచి టీవీ లాగి పెట్టాడు. ఆ కుర్రవాడు సన్నగా, పీలగా ఉన్నాడు. చేయి తిప్పే తీరు కూడా అంత అందంగా లేదు. నేను పెదవి విరిచాను. ఆంటీ కళ్ళార్పకుండా చూసింది. ఒక ఇన్నింగ్స్ అయ్యాక, "పేరేమిటో నాకు చెప్పకండి, గుర్తుండదు. అవతలివాడు అడుగు ముందుకు వేయలేకపోతున్నాడు చూడండి. వీడికి ఒక్క ఏడాది టైమివ్వండి," అంది. ఆ కుర్రవాడి గురించి ఆవిడ చెప్పింది నిజమైంది. అప్పటికి ఆ మాట ఆవిడకు గుర్తులేదు. ఫోన్‌లో నేను చెబితే, ఎవరో తెలివైనావిడ సంగతి విన్నట్టు సంతోషపడింది.

ఆంటీ కిందటి చలికాలంలో ఫ్రీమాంట్‌లో పోయింది. కూతురు ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. లియాన్‌కు నేనే వెళ్ళి చెప్పాను. ఆయన విని, ఆ రోజు ఆవిడ తరఫున తాను వాదించి ఓడిపోయినందుకు ఇప్పటికీ బాధ లేదన్నాడు. బాగా వాదించానా అని మాత్రం అడిగాడు. చాలా బాగా వాదించారన్నాను. అది జాలితో అన్న మాట కాదని ఆయనకు తెలుసు.

మొన్న మా స్కూల్లో ఒక మీటింగ్ జరిగింది. ఒక పిల్లవాడిని తేలిక లెక్కల సెక్షన్‌కి మార్చాలని అనుకున్నారు. వాడు పరీక్షల్లో వెనకబడ్డాడు, నిజమే. బల్ల చుట్టూ అందరూ సరేనన్నారు. నా వంతు వచ్చింది. వాడు కొత్త పద్ధతులు పట్టుకుంటున్నాడు, ఈ నెలలో వాడు అడుగుతున్న ప్రశ్నలు పోయిన నెలవి కావు, ఇప్పుడు మారిస్తే తప్పవుతుందని చెప్పాను. ప్రిన్సిపాల్ ఎందుకలా అనుకుంటున్నారన్నారు. ఒక్కొక్కటే వివరించాను. ఒకచోట పక్కటీచర్ చెప్పింది సరైనదని ఒప్పుకున్నాను. పిల్లవాడు నా సెక్షన్‌లోనే ఉన్నాడు. ఏమవుతుందో ఇంకా తెలియదు, నా అంచనా తప్పు కూడా కావచ్చు. మాట్లాడుతున్నంతసేపూ బల్ల కింద నా మోకాళ్ళు వణికాయి. ఇన్నేళ్ళొచ్చినా ఆ వణుకు పోలేదు. ఇకముందు కూడా పోతుందనుకోను. వణుకుతూనే మాట పూర్తి చేయడం మాత్రం నాకు వచ్చు.